అవ్వ దాచుకున్న కట్టె

హన్మకొండ నుంచి వరంగల్ పోయే దారిలో ఈ మధ్య ఒక కొత్త హోటల్ తెరిచారు. మొన్న ముసురు పట్టిన రోజు కొడుకూ కోడలూ నన్ను అక్కడికి తీసుకుపోయారు. నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాలితో పాటు, ఆమె పలక మీదే. అందుకని ఇప్పటికీ బోర్డు కనబడితే ఆగి చదవకుండా ముందుకు పోలేను. "కట్టెల పొయ్యి మీద వండిన భోజనం" అని రాసి ఉంది. నేను చదవడం పూర్తి చేసేసరికి వాళ్లు లోపలికి పోయి కూర్చున్నారు కూడా.

గుమ్మం పక్కన కట్టె పేర్చి ఉంది. అన్నీ ఒకే పొడుగు, ఒకే మందం, కోసిన ముఖాలన్నీ బయటికి కనబడేటట్టు. చూరు నీళ్లు వాటి మీదికే కారుతున్నాయి. నా చెయ్యి ఊరుకోలేదు. రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాను. దబ్బుమంది. గల్లా దగ్గర కూర్చున్నతనికి చెప్పాను, ఈ కట్టె పచ్చిది నాయనా, దీంతో వండితే మీ వంటవాళ్ల కళ్లు పోతాయి అని. అతను నవ్వి, "అది సూసెటందుకే పెట్టినం అమ్మా, లోపల గ్యాసే" అన్నాడు. మావాళ్లూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ అన్నంలో చెయ్యి పెట్టగానే వేళ్లకు మద్దికట్టె పులుపు వాసన తగిలింది. కడుక్కొని వచ్చినా పోలేదు.

నేను పుట్టి పెరిగింది కట్టెల మండిలో. వరంగల్‌లో రైలు పట్టాల అవతల, చుట్టూ తుమ్మకంప కంచె, ముందర గూనపెంకల ఇల్లు, ఇంటి గోడకు ఆనించి రేకులతో వేసిన సాయబాను. ఆ సాయబాను కింద ఎండిన కట్టె, బయట ఎండాల్సిన కట్టె. ఊరంతా పొయ్యి మీద వండుకునే రోజులు. ములుగు దిక్కు నుంచి బండ్ల మీద, తర్వాత తర్వాత లారీల మీద మొద్దులు వచ్చేవి. లారీ ఆగి తలుపు దించగానే ముందు వాసన దిగేది. మద్ది పుల్లగా, తుమ్మ ఘాటుగా, మామిడి తియ్యగా. కళ్లు మూసుకొని ఏ చెట్టో చెప్పడం నాకూ చెల్లెకూ పందెం. గెలిచినవాళ్లకు తుమ్మబెరడు మీది బంక. పంటికి అతుక్కొని మాట రానీయదు. అమ్మ పిలిస్తే పలకకపోవడానికి అదొక సాకు.

మండి నాయిన పేరు మీద నడిచేది కానీ మండి అంటే అవ్వే. నాయిన తల్లి. నాయిన ఆమెను అవ్వా అనేవాడు, మేమూ అవ్వా అనేవాళ్లం, కట్టె కొనడానికి వచ్చే ముసలివాళ్లు కూడా అవ్వా అనే పిలిచేవాళ్లు. నెత్తి మీద మోపు మోసి అమ్మిన కాలం నుంచి మొదలుపెట్టిన మనిషి. నడినెత్తిన వెంట్రుకలు రాలిపోయి చుట్టబట్ట పెట్టుకున్నంత మేర నున్నగా ఉండేది. నేను అక్కడ అరచెయ్యి పెడితే, "అది నా సంపాదన బిడ్డా, పాముకోకు" అనేది.

కట్టె కొట్టేది చాచా. ఆయన తురకాయన, పట్టాల దగ్గరి గుడిసెల్లో ఉండేవాడు. మా ఇంట్లో ఆయనకొక సత్తు గిన్నె, ఒక పీట. పొద్దున గొడ్డలి నూరుకొని పని మొదలుపెడితే పగటి బువ్వకే ఆపేవాడు. అమ్మ మక్కగటక, పచ్చిపులుసు పెట్టేది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ తక్కువైతే గొడ్డలి మొద్దుబారిందని చాచా ఫిర్యాదు చేసేవాడు. అమ్మ నవ్వకుండా ఇంకో ఉల్లిగడ్డ చితగ్గొట్టి వేసేది.

మొద్దు మీద గొడ్డలి వేసే ముందు చాచా వేలి కణుపులతో దాన్ని కొట్టి చూసేవాడు, తలుపు కొట్టినట్టు. ఎండిన కట్టె ఖణ్‌మని పలుకుతుంది. పచ్చిది దబ్బుమంటుంది, నోట్లో బువ్వ పెట్టుకొని మాట్లాడినట్టు. అలా పలకని మొద్దును కాలితో పక్కకు దొర్లించేవాడు. ఆ విద్య ఆయనకు అవ్వ నేర్పిందే. కట్టె వ్యాపారం కొట్టుడు కాదు, ఎండబెట్టుడు అనేది అవ్వ. కొనేవాళ్లు కట్టెకు పైసలిస్తారు, నీళ్లకు కాదు అనేది. పెద్ద కాంటా పళ్లెంలో నేనూ చెల్లే ఎక్కి ఊగుతుంటే అటు పక్క ఒక పచ్చి మొద్దు పడేసి మమ్మల్ని గాల్లోకి లేపి, "సూడుర్రి, ఇద్దరు పోరగాండ్ల కన్న నీళ్లే బరువు" అని చెప్పి, మేము దింపమని ఏడిచేదాకా తంబాకు నములుతూ కూర్చునేది.

మండిలో రెండు దిక్కులు ఉండేవి. ఇంటి దిక్కు పొయ్యి కట్టె. కంచె దిక్కు పెద్దకట్టె. పెద్దకట్టె అంటే చావుకు పోయే కట్టె, కానీ ఆ మాట ఎవరూ అనేవాళ్లు కాదు. దానికి వచ్చినవాళ్లు లోపలికి అడుగు పెట్టరు. కంచె బయట నిలబడి, "పెద్దకట్టె కావాలె" అంటారు. వాళ్లు బేరం ఆడరు, మనం ధర పెంచం. బండి కదిలేటప్పుడు పోయిరండి అనకూడదు. అవ్వ ఇంటి దిక్కు తిరిగి నిలబడేది, బండి పోయినంక బాట మీద చెంబెడు నీళ్లు చల్లేది. ఆ దిక్కుకు వేరే గొడ్డలి. దాని కామ మీద, అంటే పట్టుకునే కర్ర మీద, చాచా బట్టపేలిక చుట్టి పెట్టుకున్నాడు. పొరపాటున ఆ గొడ్డలితో పొయ్యి కట్టె కొడితే ఆ కట్టె మా ఇంట్లో కూడా వాడేవాళ్లు కాదు.

ఆ కంచె దిక్కునే, మూలకు, రాళ్ల మీద లేపి, పైన తాటికమ్మలు కప్పి ఒక కుప్ప ఉండేది. అది అమ్మేది కాదు. అవ్వ తన కోసం దాచుకున్న కట్టె.

తుమ్మ, మద్ది, అక్కడక్కడా చండ్ర. ఏ లారీలో మంచి మొద్దు దిగినా అవ్వ ముందు ఆ మూలకు చూసేది. పాతది తీసి కొత్తది పెట్టేది, చీరెలు మడత మార్చినట్టు. పొద్దుటి ఎండలో దాని మీదే కూర్చొని తంబాకు నలుపుకునేది. చాచా అటు పోతూ, ఇంత మంచి కట్టె మీద నువ్వు ఒక్కదానివే పోతవా అవ్వా, జర జాగా ఉంటే నేనూ వస్త అనేవాడు. నీకెందుకురా కట్టె, మీకు మన్నే కదా అని అవ్వ. "అందుకే నాకు వానకాలం అంటే భయం లేదు" అని చాచా. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు అమ్మకు నచ్చేది కాదు.

అవ్వకు వానకాలమంటే భయం. దానికి కారణం నాకు ఒక్కసారే చెప్పింది. మా తాత పోయింది ముసురులో. అప్పటికి మండి లేదు. దొరికిన కట్టె పెట్టారు. పొగ వచ్చింది కానీ మంట రాలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. మరునాడు అవ్వ మళ్లీ పోవలసి వచ్చింది, మళ్లీ కట్టె పట్టుకొని. అక్కడ ఏం చూసిందో చెప్పలేదు. "మనిషిని రెండుసార్లు కాలవెట్టద్దు బిడ్డా" అన్నది, అంతే. మోపు నెత్తికెత్తింది ఆ తర్వాతే. ఆమె మండి నుంచి పచ్చికట్టె చావుకు పోలేదని ఊళ్లో పేరు. ఎంత దూరమైనా బండి కట్టుకొని మా దగ్గరికి వచ్చేవాళ్లు.

నాయినకు మిషన్ మీద మనసు ఎప్పుడు పడిందో తెలియదు. పట్టాల ఇవతల ఇంకొక మండి ఆయన కోత మిషన్ పెట్టాడు. హోటళ్లవాళ్లు, బేకరీ భట్టీవాళ్లు ఒకే కొలత ముక్కలు అడగడం మొదలైంది. చాచా భుజం అప్పటికే పట్టేసింది. చెయ్యి పైకి లేవక, గొడ్డలి సగం నుంచే దించేవాడు. రాత్రి బువ్వ తింటూ నాయిన మిషన్ గురించి చెప్పేవాడు, పెళ్లి సంబంధం చెప్పినట్టు. దాని పళ్లు, దాని బెల్టు, దాని మోటరు. కొన్నాళ్లకు మాకు కూడా అది మా ఇంటికే రావాలనిపించింది.

చేతిలో ఉన్నది ఒక్కపనికే సరిపోతుంది. మిషన్ అయినా కొనాలి, రేకుల షెడ్డు అయినా వెయ్యాలి. అవ్వ షెడ్డు అన్నది. మిషన్ వద్దనలేదు. ముందు కప్పు, తర్వాత మిషన్ అన్నది.

"షెడ్డు ఏం సంపాయిస్తదే అవ్వా? నిలవడ్డకాడ నిలవడుతది" అన్నాడు నాయిన. "మిషన్ తిరుగుతది."

"తిరిగేది తింటది కొడుకా. నిలవడ్డది కాపాడ్తది."

నాయిన చాచా దిక్కు చూశాడు. చాచా అవ్వ మొహం చూడకుండా, తన భుజం పట్టుకొని, మిషన్ వస్తే మంచిదే అన్నాడు. అది అబద్ధం కాదు.

మిషన్ చూడటానికి పరకాల పోయాము. నాయిన, అవ్వ, నేను. బస్సులో అవ్వ కిటికీ దగ్గర కూర్చొని బాట పక్క చెట్లన్నిటికీ ఏది ఎన్నాళ్లకు ఎండుతుందో చెప్పుకుంటూ వచ్చింది. అక్కడ ఒకాయన వ్యాపారం మానుకొని మిషన్ అమ్ముతున్నాడు. మద్ది దూలాలతో చేసిన పెద్ద బల్ల, దాని నడుమ చీలిక, చీలికలోంచి సగం పైకి లేచిన గుండ్రటి రంపం. దాన్ని నేను పెద్ద అప్పడం అనుకున్నాను. మోటరు వెయ్యగానే పళ్లు మాయమై ఒట్టి మెరుపు మిగిలింది. మొద్దును ముందుకు నెడితే కీచుమని అరిచి రెండైంది. పొట్టు నా మొహం మీదికి వెచ్చగా వచ్చింది. నాయిన చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను చూసింది అప్పుడే.

అమ్మే ఆయన అవ్వను కూడా ఏమన్నా అడుగుమన్నాడు. అవ్వ, పచ్చికట్టెను కూడా కోస్తదా అని అడిగింది. ఎండుది పచ్చిది తేడా లేదు, ఏదిచ్చినా కోస్తది అన్నాడాయన గొప్పగా. అవ్వ తల ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు బస్‌స్టాండులో నాయిన మిర్చిబజ్జీలు కొన్నాడు. అవ్వ తన బజ్జీ నాకిచ్చి, "ఆ రంపానికి చెవులు లేవు బిడ్డా" అన్నది.

మిషన్ వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, పసుపు పెట్టి, రంపం పళ్లకు నిమ్మకాయ గుచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఎవరూ ఆలోచించలేదు. కరెంటు మోటరు తడవకూడదు. మండిలో కప్పు ఉన్నది సాయబాను ఒక్కటే. దాని కింది ఎండుకట్టెను అందరం కలిసి బయటికి మోశాము. నేను కూడా మోశాను, పాటలు పాడుకుంటూ. అవ్వ తన కుప్ప మీద కూర్చొని చూసింది.

ఆ ఎండకాలం మాకు మంచి కాలం. ఇంతకుముందు చాచా గొడ్డలి ఎంత కొడితే అంత అమ్మేవాళ్లం, ఆయన కొట్టేలోపు మిగతాది ఎండేది. ఇప్పుడు మిషన్ పొద్దుటి పూటే అంతా కోసి పడేసేది. నాయిన ఇంకా లారీలు తెప్పించాడు. బేకరీ బండి, హోటల్ బండి కంచె బయట వరుస కట్టేవి. చాచా గొడ్డలి దించి బల్ల దగ్గర మొద్దులు నెట్టేవాడు. దాన్ని కొత్త కోడలు అనేవాడు, పని చేస్తది కానీ అరుపులెక్కువ అని. అమ్మ పొట్టును డబ్బాలో కూరి పొట్టుపొయ్యి వెలిగించేది. దాని మీద కాగిన చాయకు చెక్క వాసన. మా బట్టలకు, దుప్పట్లకు, అన్నానికి అదే వాసన. చెల్లెకు జరీ లంగా వచ్చింది. నాకు వెండి పట్టీలు.

పెద్దకట్టె మాత్రం నాయిన మిషన్ మీద పెట్టలేదు. ఉన్నది ఒకటే రంపం. ఆ దిక్కు కట్టె కోసిన రంపంతో పొయ్యి కట్టె కోస్తే ఎవరూ కొనరు. చాచానే పాత గొడ్డలితో దానికి మొద్దులు చీల్చేవాడు. భుజం నొస్తుందని అది రానురాను తగ్గిపోయింది. ఎండిన పెద్దకట్టె కూడా హోటల్‌వాళ్లకు ఇంటి దిక్కు నుంచి వెళ్లిపోయింది, మొద్దులుగానే ఉంది కదా, ఇంకా ఏ గొడ్డలీ తగల్లేదు కదా అని.

అవ్వ సాయంత్రాలు కర్ర పట్టుకొని మండి అంతా తిరిగేది. ఇక్కడ ఒక దెబ్బ, అక్కడ ఒక దెబ్బ. చెవి ఒగ్గి వినేది. ఒకనాడు నాయిన దగ్గర ఆగి, ఒక్కటి పలుకుతలేదు కొడుకా అన్నది. కోసుడు తొందరైంది గానీ ఎండుడు తొందర కాలేదు కదరా అన్నది. ఈ ఎండలకు అదే ఎండుతుందని నాయిన జవాబు.

ఆ ఏడు వాన తొందరగా వచ్చింది, వచ్చింది పోలేదు. కోసిన ముక్కకు రెండు పక్కలా నోరు ఉంటుంది, బెరడు ఉన్న మొద్దు కన్నా ఎక్కువ తాగుతుంది. మండి అంతా నానిపోయింది. తెల్ల బూజు పట్టింది, కుక్కగొడుగులు లేచాయి. సాయబాను కింద మిషన్ ఒక్కటే పొడిగా ఉంది, కరెంటు లేక తిరక్కుండా. కట్టెల మండిలో ఉన్న మా ఇంట్లోనే పొయ్యి అంటుకోలేదు. అమ్మ ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడి, చివరికి మాకు అటుకులు నానబెట్టి పెట్టింది. మా దగ్గర ఎప్పుడూ కొనే ఒకావిడ మోపు తెచ్చి నాయిన ముందు పడేసి, "కాంటా మీద నీళ్లు జోకి అమ్మవడ్తిరా?" అని అడిగింది. నాయిన మోపు తీసుకున్నాడు. అవ్వ లోపలికి పోయి పండుకున్నది. పట్టపగలు ఆమె పండుకోవడం నేను ఎరగను.

ఒకనాడు పొద్దున కంచె బయట ఒకాయన నిలబడి ఉన్నాడు. గొంగడి కొప్పెర వేసుకున్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. నాయిన బయటికి రాగానే పెద్దకట్టె కావాలన్నాడు. ఎండుది లేదని నాయిన చెప్పాడు. ఇంకో మండికి పొమ్మన్నాడు. అన్ని మండీలు తిరిగే వచ్చానని ఆయన అన్నాడు. అవ్వ మండిలో ఉంటదని అందరూ చెప్పారట.

అవ్వ అరుగు మీదికి వచ్చింది. "ఎవరు పోయిన్రు?" అని అడిగింది. అది అడగకూడని మాట. అవ్వ అడగగా నేను వినడం అదే మొదలు.

"బిడ్డ" అన్నాడాయన. "కాన్పుల పోయింది. పిలగాడు గూడ."

అవ్వ చెప్పులు లేకుండానే బురదలోకి దిగింది. మూలకు పోయి తాటికమ్మలు లాగింది. నాయినకు అర్థమై వెనుక ఉరికాడు.

"అవ్వా, అది నీది."

"నేను నిలవడే ఉన్న గదరా" అన్నది అవ్వ. "ఆమె పండుకున్నది."

నాయిన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అవ్వ వదిలించుకోలేదు, తిట్టలేదు. "ఎండలొస్తయి. మళ్ల ఎండవెట్టుకుంట. నువ్వు కప్పు ఎయ్యి" అన్నది. చాచా ఒక్కొక్క మొద్దు ఎత్తి బండిలో పెట్టాడు. ప్రతిదాన్నీ కణుపుతో కొట్టి పెట్టాడు. అన్నీ పలికాయి. ఆ వానలో ఆ చప్పుడు ఎంత శుభ్రంగా వినబడిందో చెప్పలేను. బండి కదిలినంక అవ్వ ఇటు తిరిగింది. నీళ్లు చల్లలేదు. చల్లడానికి పొడి జాగా ఎక్కడా లేదు.

తడిసినందుకో, కాలం వచ్చినందుకో, అవ్వకు జ్వరం పట్టింది. దవాఖానకు తీసుకుపోతే మందులిచ్చి పంపారు. రొమ్ములో గురగురమనేది. మంచం పక్క కూర్చొని నేను చెవి పెట్టి వినేదాన్ని. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఆమె లోపల అంతా నీళ్లు పట్టినట్టు దబ్బుమంటున్నదని తెలిసింది, కానీ ఎవరికీ చెప్పలేదు. పోయే ముందు నాయినను దగ్గరికి పిలిచింది.

"ఫికర్ చెయ్యకు కొడుకా. తడిదైనా కాలుతది. జర టైం పడ్తది, అంతె."

ఆ మాట ఆమె జీవితంలో ఎవరికీ చెప్పి ఉండదు. నాయిన బయటికి పోయి కంచె పట్టుకొని నిలబడ్డాడు. తుమ్మముళ్లు అరచేతిలో దిగాయి. తర్వాత అమ్మ వాటిని సూదితో తీసింది.

అవ్వ పోయిన పొద్దు కూడా వానే. నాయిన మండీలన్నీ తిరిగాడు. తెలిసిన లారీ ఆయనను పట్టుకొని ములుగు దిక్కు మనిషిని పంపాడు. ఎక్కడా లేదు. వాకిట్లో అవ్వను పండబెట్టారు, పైన ఒక పాత పట్టా కట్టారు, అది కారుతున్నది. చుట్టాలు నాయినతో, కట్టెల మండి పెట్టుకొని తల్లికి కట్టె లేదా అనలేదు. అనకుండా ఉండటానికి కష్టపడుతున్నారని నాకు కూడా తెలిసింది. కిరసనాయిలు పోద్దామని ఒకరు, ఇంకా ఆగుదామని ఒకరు.

చాచా అన్ని కుప్పలూ కొట్టి చూశాడు. పైది తీసి కిందిది, కిందిది తీసి ఇంకా కిందిది. ఏదీ పలకలేదు. చివరికి సాయబాను కిందికి వచ్చి మిషన్ బల్లకు ఆనుకొని నిలబడ్డాడు. నాయిన ఇవతల. ఇద్దరూ నేల చూస్తున్నారు. చాచా చెయ్యి అలవాటు చొప్పున బల్ల మీద కణుపులతో కొట్టింది.

ఖణ్‌మంది.

నాయిన తల ఎత్తాడు. చాచా మళ్లీ కొట్టాడు, ఈసారి నెమ్మదిగా, చెవి దగ్గర పెట్టి. మద్ది దూలం. ఏళ్ల తరబడి కప్పు కింద ఉన్న కట్టె. మా మండి మొత్తంలో ఎండిన కట్టె అదొక్కటే.

"అన్నా, బంగారం లాంటి మిషన్" అన్నాడు చాచా మెల్లగా.

నాయిన లోపలికి పోయి పానా తెచ్చాడు. మోటరు విప్పాడు, బెల్టు తీశాడు, రంపాన్ని రెండు చేతులా పట్టి బురదలో పెట్టాడు. దాని పళ్ల నడుమ ఎండిన నిమ్మతొక్క ఇంకా ఉంది. చాచా కంచె దిక్కు గొడ్డలి తెచ్చాడు, బట్టపేలిక చుట్టినది. భుజం లేవదన్న మనిషి ఆ రోజు గొడ్డలి తల పైదాకా లేపాడు. బల్ల అయిపోయింది. అది చాలదు. సాయబాను గుంజలు కొట్టి చూశారు, పలికాయి. వాటినీ తీశారు. గుంజలు తియ్యగానే రేకులు ఒక పక్కకు ఒరిగి కింద పడ్డాయి. ఆ చప్పుడుకు చుట్టాలందరూ లేచి నిలబడ్డారు.

నాయిన ఆ రేకులు కూడా బండిలో వేయించాడు. చితి మీద వాన పడకుండా నలుగురు పట్టి నిలబడాలని. అవ్వ అడిగిన కప్పు ఆమె కట్టె మీదికి ఆ రోజు వచ్చింది.

ఆడపిల్లలను అటు పోనియ్యరు. నేనూ చెల్లే అమ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాము. ఆకాశం ఒకటే తీరుగా బూడిద రంగు. అటు దిక్కు పొగ లేచిందో మబ్బే దిగిందో ఎంత చూసినా తెలియలేదు. గుంజలూ బల్లా ఒక మనిషికి సరిపోతాయో లేదో నాకు తెలుసు. మండిలో పెరిగినదాన్ని. సరిపోవు. మిగిలింది తడిదే పెట్టి ఉంటారు.

సాయంత్రానికి అందరూ వచ్చారు. నాయినా చాచా రాలేదు. తెల్లవారి వచ్చారు, మసి పట్టి, ఒకరి వెనుక ఒకరు. అమ్మ కడుక్కోవడానికి నీళ్లు పోసింది. నేను చాచా దగ్గరికి పోయాను. ఆయన పీట మీద కూర్చొని సత్తు గిన్నె చేతిలో పట్టుకొని ఉన్నాడు, అందులో ఏమీ లేదు.

"అవ్వ మంచిగ కాలిందా చాచా?"

ఆయన చాలాసేపు గిన్నె అడుగు చూశాడు.

"మీ అవ్వ ఎండిన కట్టె బిడ్డా" అన్నాడు. "ఆమెకు ఎవ్వరి సాయం అక్కరలేకుండె."

ఆ తర్వాత ఎండలు వచ్చాయి. నాయిన మోటరు అమ్మి షెడ్డు వేశాడు. రంపాన్ని ఎవరికీ ఇవ్వలేదు, గోడకు తగిలించాడు. అది అక్కడే తుప్పు పట్టింది. షెడ్డు కిందికి ముందు చేరింది పెద్దకట్టె. దాన్ని మామూలు రోజుల్లో ముట్టనిచ్చేవాడు కాదు. ముసురులో కంచె బయట ఎవరన్నా నిలబడితేనే. ఒకసారి మరిపెడ దిక్కు నుంచి కూడా వచ్చారు, అవ్వ మండి ఇదేనా అని అడుక్కుంటూ. అవునన్నాడు నాయిన. అవ్వ లేదని చెప్పలేదు.

గ్యాస్ వచ్చింది, మండి పోయింది. ఆ జాగాలో ఇప్పుడు ఇండ్లు. చాచా మాతో కలిసి ఉన్నంతకాలం ఉన్నాడు, తర్వాత మన్నులోకి పోయాడు, ఆయన అన్నట్టే ఏ వానకూ భయం లేకుండా. నాయిన నిండు ఎండకాలంలో పోయాడు. కట్టె ఎక్కడ చూసినా ఎండి పగులుతున్నది. అగ్గి పెట్టీ పెట్టకముందే అంటుకుందని వచ్చినవాళ్లు చెప్పుకున్నారు. అదృష్టవంతుడు అన్నారు. అమ్మ ఆ మాటకు లేచి లోపలికి పోయింది.

ఆ రోజు పొద్దున చాచా గిన్నెలోకి చూసిన చూపు నేను ఇన్నేళ్లుగా చదువుతున్నాను. బోర్డుల మీది అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి. అది రాలేదు. మొన్న హోటల్ నుంచి ఇంటికి వచ్చినంక చెయ్యి మళ్లీ కడుక్కున్నాను. బయట వాన ఆగలేదు. మా భోజనం బల్ల మీద వేలి కణుపులతో ఒకసారి కొట్టాను. ఖణ్‌మనలేదు, దబ్బుమనలేదు, డొల్లగా ఏదో అన్నది. కొడుకు చూసి, ఏందమ్మా అది కట్టె కాదు, పొట్టు అతికించి చేసింది అన్నాడు.

అట్లనా అన్నాను. చెయ్యి తియ్యబుద్ధి కాక ఇంకోసారి కొట్టాను.